పెద్ద కెమెరాకు ఏ లెన్సు?

పిల్లలూ,

ఇంట్లో ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెలు దిగుతాయి. ఒక్కో వస్తువు దగ్గరా "తీసుకెళ్దామా, ఎవరికైనా ఇచ్చేద్దామా" అని అమ్మానాన్నల మధ్య చర్చ మొదలవుతుంది. మా ఇంట్లో ఆ చర్చలో ప్రతిసారీ గెలిచే పెట్టె ఒకటుంది. దాని మీద నల్ల రంగుతో "గాజు – జాగ్రత్త" అని తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో రాసి ఉంటుంది. కొత్త స్కూలుకి వెళ్ళిన ప్రతిచోటా ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, అందులో ఏముంది?"

అందులో ఒక చెక్క కెమెరా, ఒక లెన్సు ఉన్నాయి. ఇదివరకు రెండు లెన్సులుండేవి. రెండోది ఎందుకు తీసేశానో చెప్పడానికే ఈ వ్యాసం. అది అర్థం కావాలంటే ముందు కెమెరా గురించి కొంచెం తెలియాలి.

పెద్దదంటే ఎంత పెద్దది?

మీ తాతయ్యల కాలంలో వాడిన రీలు కెమెరాలో ఒక్కో ఫోటోకి దొరికే ఫిల్ము 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు మాత్రమే. 4×5 అంగుళాలు, లేదా అంతకంటే పెద్ద ఫిల్ము వాడే కెమెరాలను లార్జ్ ఫార్మాట్ కెమెరాలు అంటారు. 4×5 షీటు ఆ రీలు బొమ్మకంటే పదమూడు రెట్లకు పైగా పెద్దది. 8×10 షీటు దానికి మరో నాలుగు రెట్లు. ఇందులో రీలు ఉండదు. ఒక ఫోటోకి ఒక షీటు, అంతే. షీటు పెద్దది కాబట్టి ఫోటోని ఎక్కువగా సాగదీయాల్సిన పని ఉండదు. అందుకే చొక్కా గుండీలు, చెట్టు ఆకులు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

నా కెమెరా హాఫ్ ప్లేటు. అంటే 4¾×6½ అంగుళాలు, దాదాపు 12×16.5 సెంటీమీటర్లు. పోస్టుకార్డు కంటే కొంచెం పెద్దది. నా మొదటి పోస్టింగు కేరళలో. అక్కడ ఒక చిన్న ఊళ్ళో స్టూడియో మూసేస్తున్న పెద్దాయన దగ్గర దీన్ని కొన్నాను. ఇలాంటి చెక్క కెమెరాలు మన దేశంలోనే తయారయ్యేవని నాకు అప్పుడే తెలిసింది. 1940వ దశకంలో కేరళలోని అలప్పుళలో కె. కరుణాకరన్ అనే ఆయన "వాగీశ్వరి" పేరుతో కెమెరాలు చేయడం మొదలుపెట్టారు. వాళ్ళ ఇంట్లో అంతకు ముందు సంగీత వాద్యాలు బాగుచేసేవారు. వాగీశ్వరి అంటే సరస్వతి. ఆ పేరుతో కెమెరాలు దేశంలోని ఎన్నో స్టూడియోలకు చేరాయి.

లోపల ఏముంది?

నిజం చెప్పాలంటే లోపల ఏమీ లేదు, చీకటి తప్ప. ముందు ఒక పలక, దానికి లెన్సు. వెనక ఒక చట్రం, అందులో గరుకు గాజు. ఈ రెండింటి మధ్య హార్మోనియం తిత్తిలా ముడుచుకుని, సాగే నల్లని తిత్తి. లెన్సు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. నల్లగుడ్డ కప్పుకుని వెనక గాజు మీద చూస్తే ఎదుటి దృశ్యం తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. మొదటిసారి చూసిన పిల్లలు నవ్వుతారు. పదిసార్లు చూశాక అలవాటైపోతుంది.

లెన్సు ఈ కెమెరాలో శాశ్వతంగా బిగించి ఉండదు. ఏ లెన్సునైనా సరైన పలకకి బిగించి పెట్టుకోవచ్చు. ఇది సౌకర్యం. పొరపాటుకి అవకాశం కూడా ఇదే. అందుకని లెన్సు ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: నాభ్యంతరం ఎంత?

సైన్సు పుస్తకంలో ఫోకల్ లెంగ్త్ అని మీరు చదివేదే తెలుగులో నాభ్యంతరం. దూరంగా ఉన్న వస్తువు స్పష్టంగా కనిపించాలంటే లెన్సు గాజుకి ఎంత దూరంలో ఉండాలో ఇది చెబుతుంది. నాభ్యంతరం తక్కువైతే ఎక్కువ వెడల్పు దృశ్యం పడుతుంది, మనుషులు చిన్నగా కనిపిస్తారు. ఎక్కువైతే తక్కువ వెడల్పే పడుతుంది, మనుషులు పెద్దగా కనిపిస్తారు.

మామూలు చూపుకి దగ్గరగా ఉండే లెన్సు కావాలంటే ఒక సులువైన లెక్క ఉంది. ఫిల్ము ఒక మూల నుంచి ఎదుటి మూలకి కొలవండి. ఆ కర్ణం పొడవుకి దగ్గరగా ఉన్న నాభ్యంతరమే మామూలు లెన్సు. 4×5 షీటులో బొమ్మ పడే భాగం కర్ణం సుమారు 153 మి.మీ., కాబట్టి 150 మి.మీ. లెన్సు. నా హాఫ్ ప్లేటు కర్ణం సుమారు 204 మి.మీ., కాబట్టి 210 మి.మీ. లెన్సు. 8×10కి 300 మి.మీ. వాడతారు. రీలు కెమెరాకి 50 మి.మీ. లెన్సే మామూలుది. అదే 50 మి.మీ. లెన్సు నా కెమెరాకి పనికిరాదు. ఎందుకో రెండో ప్రశ్నలో తెలుస్తుంది.

నాకు కెమెరా అమ్మిన పెద్దాయన దానితో 210 మి.మీ. లెన్సు ఒక్కటే ఇచ్చారు. "ఇది చాలు. లెన్సు మార్చొద్దు, నువ్వే ముందుకో వెనక్కో జరుగు" అన్నారు. తల ఊపాను. మూడేళ్ళకి మరిచిపోయాను.

రెండో ప్రశ్న: వలయం ఎంత?

లెన్సు గుండ్రంగా ఉంటుంది కదా, అది వెనక పడేసే వెలుగు కూడా గుండ్రంగానే ఉంటుంది. మన ఫిల్ము మాత్రం చతురస్రాకారమో దీర్ఘచతురస్రమో. గుండ్రటి కంచంలో పోస్టుకార్డు పెట్టినట్టు ఊహించుకోండి. కార్డు నాలుగు మూలలూ కంచం లోపలే ఉండాలి. అంటే ఆ వెలుగు వలయం వ్యాసం, కనీసం ఫిల్ము కర్ణం అంత ఉండాలి. చిన్న ఫిల్ము కోసం చేసిన లెన్సు వలయం చిన్నది. పెద్ద ఫిల్ముకి పెడితే నడుమ బొమ్మ, చుట్టూ చీకటి.

ఇదంతా నాకు పుస్తకంలో తెలుసు. అయినా తప్పు చేశాను.

అప్పుడు నేను అస్సాంలో పనిచేస్తున్నాను. మార్చి చివర ఎనిమిదో తరగతి పిల్లలు గ్రూపు ఫోటో పెద్ద కెమెరాతో తీయమన్నారు. శనివారమే కావాలన్నారు. ఎందుకంటే సోమవారం వాళ్ళలో ఒక అబ్బాయి వెళ్ళిపోతున్నాడు, వాళ్ళ నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ అయింది. శనివారం పొద్దున్నుంచీ వాన. ముప్పై మందినీ అసెంబ్లీ షెడ్డు కింద మూడు వరుసల్లో నిలబెట్టాను. వెనక గోడ, ముందు వాన. కెమెరాకీ పిల్లలకీ మధ్య మూడున్నర మీటర్లు కూడా లేదు. అంత దగ్గర నుంచి 210 మి.మీ. లెన్సులో రెండున్నర మీటర్ల వెడల్పే పడుతుంది. వరుస వెడల్పు నాలుగు మీటర్లు.

నా దగ్గర సెలవుల్లో పాత సామాన్ల బజారులో కొన్న 127 మి.మీ. లెన్సు ఒకటుంది. 4×5 షీటుకే చాలీచాలనిది. అది బిగించాను. గాజు మీద ముప్పై మందీ కనిపించారు! అంచులు మసకగా ఉన్నాయి. గరుకు గాజు మీద అంచులు ఎప్పుడూ కొంచెం మసకగానే ఉంటాయి, నడుమ నుంచి చూస్తే మరీను. అదే అనుకున్నాను. అందరూ రెండు సెకన్లు కదలకుండా నిలబడ్డారు. ఫోటో తీశాను.

రాత్రి క్వార్టర్సు బాత్‌రూములో ఎర్ర బల్బు వెలుగులో ఫోటో తేలింది. నడుమ పిల్లలు చక్కగా ఉన్నారు. నాలుగు మూలలూ నల్లగా కోసేసినట్టున్నాయి. వెనక వరుసలో ఎడమ చివర నిలబడ్డవాడి ముఖం ఆ నలుపులో కలిసిపోయింది. వెళ్ళిపోతున్నవాడు వాడే. పొడుగ్గా ఉంటాడని వెనక వరుస చివర నేనే నిలబెట్టాను. సోమవారం మొదటి పీరియడ్‌కి వాడి బెంచీ ఖాళీగా ఉంది.

అందుకని లెన్సు కొనేటప్పుడు నాభ్యంతరంతో ఆగకండి. "దీని వలయం ఎంత?" అని తప్పకుండా అడగండి. కర్ణం కంటే కొంచెం ఎక్కువే ఉండాలి. ఎక్కువ ఎందుకంటే, ఈ కెమెరాల్లో లెన్సు పలకని పైకీ కిందకీ పక్కలకీ జరపవచ్చు. ఎత్తైన స్కూలు భవనాన్ని తీయాలనుకోండి. కెమెరాని పైకి వంచితే గోడలు పైన దగ్గరకి వచ్చి భవనం వెనక్కి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. కెమెరాని నిటారుగానే ఉంచి లెన్సుని మాత్రం పైకి జరిపితే గోడలు తిన్నగా ఉంటాయి. అప్పుడు వలయం కూడా పైకి జరుగుతుంది. వలయం చిన్నదైతే మూలలు మళ్ళీ నల్లబడతాయి.

కొన్ని కెమెరాల్లో లెన్సుని ముందుకి వంచవచ్చు కూడా. కాళ్ళ దగ్గర గడ్డి నుంచి దూరాన కొండ దాకా ఒకేసారి స్పష్టంగా రావాలంటే ఇది ఉపయోగం. ఈ సూత్రానికి థియోడోర్ షైమ్‌ప్‌ఫ్లుగ్ అనే ఆస్ట్రియా సైనికాధికారి పేరు పెట్టారు. ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో వంకరలు సరిచేసి పటాలు గీయడం ఆయన పని. 1904లో దీనికి పేటెంటు తీసుకున్నారు.

మూడో ప్రశ్న: వెలుగుని ఆపేది ఎవరు?

పాత లెన్సుల్లో చాలావాటికి షట్టర్ ఉండదు. నా 210కి లేదు. మూత తీయడం, "ఒకటి" అనుకోవడం, మూత పెట్టడం, అదే షట్టర్. నేను ఫిల్ము బదులు ఫోటో ప్రింటు వేసే కాగితాన్నే నెగటివ్‌గా వాడతాను. మామూలు ఫిల్ము వేగం ఐ.ఎస్.ఓ. 100 అయితే ఈ కాగితానిది సుమారు 6. అంత నెమ్మది కాబట్టే మూతతో పని జరుగుతుంది. ఈ కాగితానికి ఎరుపు కనిపించదు. అందుకే ఎర్ర బల్బు కింద పని చేయవచ్చు. అందుకే ఎర్ర హౌస్ టీషర్టు ఫోటోలో నల్లగా వస్తుంది. అలిగినవాళ్ళు ఉన్నారు, కారణం ఇదీ!

వేగమైన ఫిల్ము వాడితే షట్టర్ ఉన్న లెన్సే కావాలి. కొత్త తరం లెన్సులు ఎక్కువగా 0, 1, 3 నంబర్ల షట్టర్లలో వస్తాయి. వాటికి పలకలో చేయాల్సిన రంధ్రాలు వరుసగా 34.6, 41.6, 65 మి.మీ. లెన్సు ఒకటి, పలక మరొకటి కొంటే రెండూ వృథా.

లెన్సు లోపల చిన్నా పెద్దా అయ్యే ద్వారం ఉంటుంది. ఎఫ్/8 అంటే పెద్ద ద్వారం, ఎఫ్/16, ఎఫ్/32 చిన్నవి. ద్వారం చిన్నదైతే వెలుగు తగ్గుతుంది కానీ స్పష్టత ముందుకీ వెనక్కీ పెరుగుతుంది. నా 210 మి.మీ. లెన్సుతో అయిదు మీటర్ల దూరంలో ఎఫ్/8 దగ్గర సుమారు మీటరున్నర లోతే స్పష్టంగా వస్తుంది. ఎఫ్/16 దగ్గర సుమారు మూడు మీటర్లు వస్తుంది. మూడు వరుసల పిల్లలకి ఎఫ్/16 క్షేమం.

పాత లెన్సు కొనేముందు దాన్ని వెలుగుకి ఎత్తి చూడండి. లోపల సాలెగూడు లాంటి సన్నని గీతలుంటే అది బూజు. కేరళ, అస్సాం లాంటి తేమ ప్రాంతాల్లో ఇది త్వరగా పడుతుంది. ద్వారం రేకుల మీద నూనె ఉందేమో చూడండి. షట్టర్ ఉంటే ఒక సెకనుకి పెట్టి నొక్కి వినండి. నడుమ ఆగిపోతే రిపేరు ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. పైన ఒక చిన్న గీత ఉంటే మాత్రం భయపడక్కర్లేదు, ఫోటోలో అది కనిపించదు.

లెన్సుకి తోడు సామాను

మొదటిది స్టాండు. మంచి లెన్సుని ఊగే స్టాండు మీద పెట్టడం కంటే మామూలు లెన్సుని కదలని స్టాండు మీద పెట్టడం మేలు. గాలి ఉంటే నడుమ బరువైన సంచీ వేలాడదీయండి. ఇసుకలో కాళ్ళు దిగబడితే కింద మూడు చెక్కముక్కలు పెట్టండి.

తర్వాత నల్లగుడ్డ. లోపల నలుపు, బయట తెలుపు అయితే ఎండలో ఉడకకుండా ఉంటాం. ఆ తర్వాత గాజు మీద స్పష్టత చూడటానికి ఒక భూతద్దం. వెలుగు కొలిచే మీటరు లేకపోతే ఫోనులో ఆ పని చేసే యాప్ సరిపోతుంది. ఇక కనీసం రెండు ఫిల్ము హోల్డర్లు. ఒక్కో హోల్డరులో ముందొకటి, వెనకొకటి, రెండు షీట్లు పడతాయి. వాటిని మూసే డార్క్ స్లైడ్‌కి ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు ఉంటాయి. తెలుపు బయటికుంటే వాడని షీటు, నలుపు బయటికుంటే ఫోటో తీసేసిన షీటు.

తిత్తిలో చిల్లులున్నాయేమో నెలకోసారి చూసుకోవాలి. చీకటి గదిలో తిత్తి లోపల టార్చి పెడితే చిల్లు ఉన్నచోట చుక్కలా మెరుస్తుంది.

తీసే క్రమం

స్టాండు నిలబెట్టాలి. లెన్సు ద్వారం పూర్తిగా తెరిచి, గుడ్డ కప్పుకుని గాజు మీద స్పష్టత సరిచేసుకోవాలి. తర్వాత ద్వారం చిన్నది చేయాలి. ఇప్పుడు మూలలు చూడాలి. కొన్ని కెమెరాల్లో గరుకు గాజు మూలలు కోసి ఉంటాయి. ఆ సందులోంచి లెన్సు వైపు చూడండి. ద్వారం గుండ్రంగా కనిపిస్తే వెలుగు ఆ మూల దాకా వస్తోందని అర్థం. పిల్లి కన్నులా నొక్కుకుపోయి కనిపిస్తే అక్కడ కోత పడుతుంది.

తర్వాత మూత పెట్టి, హోల్డరు దూర్చి, స్లైడ్ లాగాలి. మూత పెట్టకుండా స్లైడ్ లాగితే షీటు పాడైనట్టే. మూత తీసి, లెక్కపెట్టి, మూత పెట్టి, స్లైడ్‌ని నలుపు బయటికి వచ్చేలా తిప్పి దూర్చాలి.

దగ్గరి వస్తువుల్ని తీసేటప్పుడు ఇంకో లెక్క ఉంది. తిత్తి ఎంత సాగితే గాజు దాకా చేరే వెలుగు అంత తగ్గుతుంది. 210 మి.మీ. లెన్సుని 420 మి.మీ. దూరం జరిపితే దూరం రెండు రెట్లు, కావలసిన సమయం రెండు రెళ్ళు నాలుగు రెట్లు. వర్గం పాఠం ఎక్కడ పనికొస్తుందని అడిగారుగా, ఇక్కడ!

ఫోటోలు తీసిన ఒక ఉద్యోగి

ఇంత బరువు మోసుకుని తిరిగినవాళ్ళు ఉన్నారా అంటే, ఉన్నారు. లాలా దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఇందోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగంలో చేరారు. ఉద్యోగం చేస్తూనే ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు. తర్వాత హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం వేరే స్టూడియో కూడా తెరిచారు. అందులో ఫోటోలు తీసేది మహిళే. అప్పటి షీట్లు గాజువి. పగిలితే అంతే. అయినా ఆయన స్టూడియో గాజు నెగటివులు 2,800కు పైగా ఈ రోజుకీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆయన 1905లో చనిపోయారు. ఆయన ముందు కూర్చున్న ముఖాలు మాత్రం మిగిలాయి.

మీరే చేసి చూడండి

చెక్క కెమెరా అక్కర్లేదు. ఒక భూతద్దం తీసుకుని, దానికి సరిపోయే చిన్న అట్టగొట్టంలో బిగించండి. పగలు గదిలో లైట్లు ఆపి, కిటికీకి ఎదుటి గోడ దగ్గర నిలబడండి. వెనక ఒక తెల్లకాగితం పట్టుకుని భూతద్దాన్ని ముందుకీ వెనక్కీ జరపండి. బయటి చెట్టు తలకిందులుగా స్పష్టంగా కనిపించినచోట స్కేలుతో కొలవండి. అదే దాని నాభ్యంతరం, ఇంచుమించుగా. కాగితం మీద వెలుగు ఎంత గుండ్రం వరకు ఉందో పెన్సిలుతో గీయండి. అదే వలయం. ఆ వలయంలో పట్టే దీర్ఘచతురస్రం ఎంతో మీరే గీసుకోండి. సూర్యుడి వైపు మాత్రం భూతద్దం పెట్టకండి, దానిలోంచి చూడకండి.

చివరిగా ఆ గ్రూపు ఫోటో సంగతి. ఆ 127 మి.మీ. లెన్సుని 4×5 కెమెరా ఉన్న ఒకాయనకి ఇచ్చేశాను. దానికి అది సరిపోతుంది. తప్పు లెన్సుది కాదు కదా. నేను మళ్ళీ 210కే వచ్చాను. చోటు చాలకపోతే వాన తగ్గేదాకా ఆగుతాను, గ్రౌండ్‌లోకి వెళ్తాను, ఆరు మీటర్లు వెనక్కి నడుస్తాను. అక్కడి నుంచి నాలుగున్నర మీటర్ల వరుస హాయిగా పడుతుంది. పెద్దాయన చెప్పింది అదే.

ఇంకొక పద్ధతి కూడా పెట్టుకున్నాను. ఈ ఏడాది మీ గ్రూపు ఫోటో రోజున చూస్తారు. గుడ్డ కప్పుకోగానే లోపలి నుంచి అరుస్తాను: "నాలుగు మూలల్లో ఉన్నవాళ్ళు చేతులెత్తండి!" గాజు మీద తలకిందులుగా నాలుగు చేతులు కనిపించేదాకా నేను మూత తీయను. మీలో ఎవరు వచ్చే ఏడాది ఏ ఊళ్ళో ఉంటారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే చివర నిలబడ్డవాళ్ళు చేయి కాస్త గట్టిగా ఎత్తండి.

– మీ తెలుగు మేడమ్